రెండు యుద్ధాల నడుమ – 9: ఎనిమిది రోజుల ఛాంపియన్

ఒకరికిచ్చిన టైటిల్‌ను వెనక్కి తీసుకుంటే ఏ క్రీడాసంఘమైనా కారణం చెప్పాలి. 1933 జూన్‌లో జర్మన్ బాక్సింగ్ అధికారులూ చెప్పారు. ఎనిమిది రోజుల ముందే లైట్ హెవీ వెయిట్ జాతీయ ఛాంపియన్‌గా ప్రకటించిన యోహాన్ ట్రోల్‌మన్ అనే పాతికేళ్ల యువకుడి నుంచి ఆ టైటిల్ లాగేసుకుంటూ రెండు కారణాలు చూపారు. పోటీలో ఇద్దరు బాక్సర్ల ఆటా ఛాంపియన్ స్థాయికి తగ్గట్టు లేదన్నది మొదటిది. గెలుపు ప్రకటించాక ట్రోల్‌మన్ బరిలో నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నాడు, అది ఛాంపియన్‌కు తగిన నడవడి కాదన్నది రెండోది. అతను సింతి కుటుంబంలో, అంటే లోకం జిప్సీలని పిలిచే జనంలో పుట్టాడన్న ఊసు ఆ కారణాల్లో లేదు. ఈ వారం నేను పట్టుకుని పరిశీలించదలచింది ఆ రెండు కారణాలనే. హిట్లర్ జర్మనీలో జాతివివక్ష ఆటల్లోకి చట్టమై రాకముందే నాణ్యత మీద తీర్పుగా వచ్చిందని నా వాదన. నీ పుట్టుక మాకు సరిపడదు అనలేదు. నీ ఆట బాగాలేదు, నీ నడవడి బాగాలేదు అంది. నాజీ పాలన కూలిపోయాక కూడా చాలా ఏళ్లు జర్మన్ న్యాయస్థానాల్లో చెల్లుబాటు కాగలిగినంత గట్టి ముసుగు అది. ట్రోల్‌మన్ జీవితాన్ని తేదీల వరుసలో పెట్టి చూస్తేనే ముసుగు వెనక ముఖం కనబడుతుంది.

ముందు ఆట సంగతి. జర్మనీకి బాక్సింగ్ పాత ఆట కాదు. కైజర్ల కాలంలో డబ్బు కోసం జరిగే బహిరంగ పోటీలను పోలీసులు సాగనిచ్చేవారు కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నిర్బంధ శిబిరాల్లో చిక్కుకున్న జర్మన్లు కొందరు అక్కడే ఆట నేర్చుకుని ఇంటికొచ్చారు. యుద్ధం ముగిసి నిషేధం సడలాక పదేళ్లు తిరక్కుండానే బెర్లిన్‌లోని స్పోర్ట్‌పాలస్ట్ హాలు బాక్సింగ్ రాత్రుల్లో కిక్కిరిసిపోయింది. బెర్టోల్ట్ బ్రెహ్ట్ ఒక బాక్సర్ జీవితకథ రాయడానికి కూర్చున్నాడు. గియోర్గ్ గ్రోస్ మాక్స్ ష్మెలింగ్ బొమ్మ గీశాడు. ఆ ష్మెలింగ్ 1926లో జర్మన్ లైట్ హెవీ వెయిట్ ఛాంపియనై, మరుసటి ఏడాది యూరప్ టైటిల్ కూడా గెలిచి, 1930లో న్యూయార్క్‌లో ప్రపంచ హెవీ వెయిట్ కిరీటం అందుకున్న వైనం గత సంచికలో చూశాం. హిట్లర్‌కూ ఈ ఆట మీద ప్రత్యేకమైన మక్కువ ఉండేది. దాడి చేసే తెగువను, చిటికెలో నిర్ణయం తీసుకునే గుణాన్ని బాక్సింగ్ పెంచినంతగా మరే ఆటా పెంచదని తన ఆత్మకథలో రాసుకున్నాడు. అధికారంలోకి వచ్చాక బడిపిల్లల వ్యాయామంలోనూ దాన్ని చేర్చారు. కాబట్టి నాజీలు బాక్సింగ్‌ను ఏవగించుకుని అందులో చేయి పెట్టలేదు. దాన్ని తమ సొంత ఆటగా, తమ జాతి శరీరానికి అద్దంగా మార్చుకోవాలనుకున్నారు. అలా కావాలంటే బరిలో ఎవరు గెలుస్తారన్నదే కాదు, ఎలా గెలుస్తారన్నది కూడా వాళ్ల చెప్పుచేతల్లో ఉండాలి. ట్రోల్‌మన్ అడ్డుపడింది సరిగ్గా అక్కడే.

అతను 1907 డిసెంబర్ 27న ఉత్తర జర్మనీలోని గిఫ్‌హోర్న్ దగ్గర విల్షే అనే పల్లెలో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లల్లో ఒకడు. పెరిగింది హానోవర్ పాతపట్టణంలోని పేదల ఇరుకు సందుల్లో. ఇంట్లో రుకేలి అని పిలిచేవారు. సింతిలు కొన్ని శతాబ్దాలుగా జర్మన్ నేల మీద ఉన్నవారే. వాళ్లు మాట్లాడే రోమానీ భాష మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయని పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే జర్మన్ పండితులు తేల్చారు. అయినా వాళ్లను పోలీసు దస్త్రాల్లో చూసే అలవాటు నాజీల కంటే ముందే ఉంది. బవేరియా 1926లో వాళ్ల మీద ప్రత్యేక చట్టం తెచ్చింది. ప్రష్యా 1927లో వాళ్ల వేలిముద్రలు సేకరించే పనికి దిగింది. ఆ వాతావరణంలో ఎనిమిదేళ్ల వయసులో గ్లోవ్స్ తొడుక్కున్న ఈ కుర్రాడు హానోవర్‌లోని హీరోస్ క్లబ్బులో ఎదిగి, ప్రాంతీయ టైటిళ్లు, ఆపైన ఉత్తర జర్మనీ అమెచ్యూర్ టైటిల్ గెలుచుకున్నాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు జర్మన్ జట్టును కూర్చినప్పుడు అతని పేరు పరిశీలనకు వచ్చింది. పంపింది మాత్రం వాల్టర్ కూనోవ్ అనే మరో బాక్సర్‌ను. ట్రోల్‌మన్ తర్వాత కార్మికుల క్లబ్బు స్పార్టా లిండెన్‌కు మారి, 1929లో ఎర్నెస్ట్ జిర్జో అనే మేనేజర్ దగ్గర బెర్లిన్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు.

తర్వాతి నాలుగున్నరేళ్లలో అతను ఆడిన పోటీలు అరవై దాటాయి. అంటే సగటున నెలకొకటి కంటే ఎక్కువ. ప్రేక్షకులు టికెట్ కొనని బాక్సర్‌ను ఏ నిర్వాహకుడూ ఇన్నిసార్లు బరిలోకి పిలవడు. అతని శరీరం మిడిల్ వెయిట్‌ది, అంటే 72 కిలోల అటూ ఇటూ. కానీ 79 కిలోల దాకా అనుమతించే లైట్ హెవీ వెయిట్‌లోనూ, అప్పుడప్పుడు అంతకంటే బరువైనవాళ్లతోనూ తలపడేవాడు. బరువులో తక్కువైనవాడు ఎదురుగా పాతుకుని నిలబడి దెబ్బకు దెబ్బ తీస్తే నెగ్గలేడు. కాళ్లే అతని కోట. అందుకే అతను నిలిచేవాడు కాదు. చుట్టూ తిరిగేవాడు, వెనక్కి జారేవాడు, ప్రత్యర్థి పంచ్ గాలిలో ఆగిన క్షణంలో పక్కనుంచి కొట్టి మళ్లీ దూరం జరిగేవాడు. హాలు ఊగిపోయేది. బాక్సింగ్ పత్రికల్లో మాత్రం వేరే రాగం వినబడేది. ఇది ఆట కాదు, డాన్సు అన్నారు. అతని చురుకుదనాన్ని జిప్సీ చపలత్వంగా వర్ణించారు. ఒకే కదలికను ప్రేక్షకులు నైపుణ్యమంటే విమర్శకులు పుట్టుకతో వచ్చిన లోపమన్నారు. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, బాక్సింగ్ నిబంధనల్లో కాలు కదపడం తప్పు కాదు. శుభ్రంగా తగిలిన దెబ్బకు పాయింటు, దెబ్బ తప్పించుకున్న నేర్పుకు మార్కు. నిబంధనల ప్రకారం తప్పు కానిదాన్ని తప్పనాలంటే నిబంధనల బయటి నుంచి ఒక కొలబద్ద తేవాలి. ఆ కొలబద్ద పేరు జర్మన్ శైలి. కాళ్లు కదపకుండా ఎదురు నిలిచి కొట్టించుకుంటూ కొట్టడం.

ఇక్కడే మొదటి ఆక్షేపణ ఎదురవుతుంది. అతని ఆట మీద విమర్శ నాజీల కంటే పాతదైతే, అది నిజంగానే ఆట గురించిన అభిప్రాయమై ఉండొచ్చు కదా, 1928లో ఒలింపిక్స్‌కు పంపనిది ఒక ప్రజాస్వామ్య రాజ్యపు సంఘమే కదా అని. ఆక్షేపణలో నిజముంది, దాన్ని దాటవేయకూడదు. ఎదురు నిలిచి కొట్టుకునే ఆటను ఇష్టపడేవాళ్లు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లందరూ జాత్యహంకారులు కారు. అయితే అభిరుచి ఒకటి, అభిరుచికి పుట్టుక కారణాన్ని అంటగట్టడం మరొకటి. ఒక బాక్సర్ ఎక్కువగా కదులుతాడు అనడం ఆట గురించిన మాట. అతను జిప్సీ కాబట్టి కదులుతాడు అనడం ఆట గురించిన మాట కాదు. ఈ రెండో మాట 1933 కంటే ముందే పత్రికల్లో అచ్చవుతూ ఉందంటే అది నా వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది. నాజీలు కొత్త భాషను కనిపెట్టలేదు. అప్పటికే చలామణీలో ఉన్న మర్యాదస్తుల భాషను తీసుకుని దానికి అధికార ముద్ర వేశారు. అంతకుముందు ఆ మాట ఒక విలేకరి అభిప్రాయం. తర్వాత అదే సంఘం ఆదేశం.

ఆ మార్పు ఎంత తొందరగా జరిగిందో చూడండి. హిట్లర్ ఛాన్సలర్ అయింది 1933 జనవరి 30న. యూదుల దుకాణాల బహిష్కరణ ఏప్రిల్ 1న. యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం ఏప్రిల్ 7న. ఆ చట్టం కోసం ఆగకుండానే జర్మన్ ప్రొఫెషనల్ బాక్సింగ్ పెద్దలు యూదు బాక్సర్లకూ, యూదు మేనేజర్లకూ తలుపులు మూసేశారు. అప్పటికి మిడిల్ వెయిట్, లైట్ హెవీ వెయిట్ రెండు జాతీయ టైటిళ్లూ ఎరిక్ సీలిగ్ చేతిలో ఉన్నాయి. అతను యూదుడు. మార్చి నెలాఖరులో టైటిల్ కాపాడుకునే పోటీకి సిద్ధమవుతుండగా, బరిలోకి దిగితే ప్రాణాలు దక్కవన్న బెదిరింపు వచ్చింది. అతను దేశం విడిచి ఫ్రాన్సుకు, అక్కడినుంచి తర్వాత అమెరికాకు చేరి ఆట కొనసాగించాడు. ఏ బరిలోనూ ఓడిపోకుండానే అతని కిరీటాలు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన లైట్ హెవీ వెయిట్ టైటిల్ కోసమే జూన్ 9న కీల్ నగరానికి చెందిన అడాల్ఫ్ విట్‌కూ, ట్రోల్‌మన్‌కూ పోటీ ఏర్పాటైంది.

అంత జాతిద్వేషం ఉంటే సింతి యువకుడికి టైటిల్ పోటీ ఎందుకిచ్చారని ఎవరైనా అడగొచ్చు. దీనికి జవాబు చట్టంలోనూ ఉంది, గల్లాపెట్టెలోనూ ఉంది. యూదుల విషయంలో తీసుకున్న నిర్ణయం సింతిలకు వర్తించేది కాదు. వాళ్లను బరి నుంచి వెలివేసే నిబంధన ఏదీ ఆ జూన్ నాటికి లేదు. హాలు నింపగల పేరు ట్రోల్‌మన్‌ది. ఎదుట ఉన్నవాడు బరువులో పెద్దవాడు, కొత్త పాలకులు మెచ్చే తరహా బాక్సర్. ఆట తనంతట తానే తమకు అనుకూలంగా తేలితే ఆదేశాలతో పనేముంది?

అలా తేలలేదు. బెర్లిన్‌లో క్రాయిట్స్‌బర్గ్ పేటలోని బాక్‌బియర్ బీరు కర్మాగారం ఆవరణలో జరిగిన ఆ పోటీలో ట్రోల్‌మన్ మొదటినుంచీ పైచేయిగా ఆడాడు. విట్ కొట్టిన దెబ్బలు చాలావరకు గాలిలో కలిశాయి. పాయింట్లలో ట్రోల్‌మన్ స్పష్టంగా ముందున్నాడు. బరి పక్కనే బాక్సింగ్ సంఘం అధ్యక్షుడు, నాజీ పార్టీవాడు గియోర్గ్ రాడమ్ కూర్చుని ఉన్నాడు. అతని జోక్యంతో న్యాయనిర్ణేతలు పోటీలో విజేత లేడని ప్రకటించారు. విజేత లేకపోతే టైటిల్ ఖాళీగానే ఉంటుంది. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. కళ్లారా చూసినదానికి కాగితం మీద వేరే అర్థం చెబితే సహించలేక కేకలతో ఆవరణ దద్దరిల్లేలా చేశారు. గొడవ చెయ్యిదాటేలా ఉండేసరికి అధికారులు దిగొచ్చి, ట్రోల్‌మన్‌నే విజేతగా ప్రకటించారు. అతను ఏడ్చింది అప్పుడే. అంతకు సరిగ్గా ఒకరోజు ముందు న్యూయార్క్‌లో, జర్మనీ గొప్పగా చెప్పుకునే ష్మెలింగ్, నిక్కరు మీద యూదుల చిహ్నమైన దావీదు నక్షత్రం కుట్టించుకున్న మాక్స్ బేర్ చేతిలో పదో రౌండులో ఓడిపోయాడు. రెండు రోజుల్లో రెండు బరుల్లో కొత్త పాలకుల సిద్ధాంతానికి దెబ్బ తగిలింది. న్యూయార్క్ ఫలితాన్ని మార్చడం వాళ్ల చేతుల్లో లేదు.

బెర్లిన్ ఫలితం వాళ్ల చేతుల్లోనే ఉంది. ఎనిమిది రోజులు గడిచాక వచ్చిన ఆదేశంలోని కారణాలను ఇప్పుడు తూచి చూద్దాం. ఇద్దరి ఆటా నాసిగా ఉందన్నారు. పోటీలో గెలుపోటములు ఇద్దరిలో ఎవరు మెరుగన్నదాన్ని బట్టి తేలతాయి. ఇద్దరూ సాధారణంగానే ఆడినా ఒకరు మెరుగ్గా ఆడినట్టు పాయింట్లు చెబితే అతనే విజేత. లేకపోతే ఏ ఆటలోనైనా చప్పగా సాగిన ప్రతి ఫైనల్ తర్వాతా కప్పు వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. పైగా ఆట నాసి అన్న సంగతి చూస్తున్నంతసేపూ తెలియకుండా, విజేతను ప్రకటించినప్పుడు తెలియకుండా, వారం దాటాక తెలియడం ఎలా? రెండో కారణం ఇంకా బలహీనం. కన్నీళ్లు గెలుపు ప్రకటించాక వచ్చాయి. పోటీ అప్పటికే ముగిసింది. ముగిసిన పోటీ ఫలితాన్ని తర్వాత కార్చిన కన్నీరు ఎలా రద్దు చేస్తుంది? ఈ రెండు కారణాలనూ కలిపి చదివితే వాటి పని ఏమిటో తెలుస్తుంది. ఒకటి శైలిని నేరం చేసింది. మరొకటి స్వభావాన్ని నేరం చేసింది. మగవాడు ఏడవకూడదు, జర్మన్ వెనకడుగు వేయకూడదు. అలా చేసినవాడు మగవాడూ కాడు, జర్మనూ కాడు. జాతి అన్న మాట రాయకుండానే ఆ ఆదేశం జాతి గురించి చెప్పదలచిందంతా చెప్పేసింది.

జూలై 21న మరో పోటీ పెట్టారు. ఈసారి ఎదుట వెల్టర్ వెయిట్ ఛాంపియన్ గుస్టావ్ ఎడర్. బరువులో చిన్నవాడు, పిడికిలి మాత్రం ఇనుము. షరతు ముందే చెప్పారు. డాన్సు చేయకుండా బరి మధ్యలో నిలబడి జర్మన్ శైలిలో కొట్లాడాలి, లేకపోతే లైసెన్సు పోతుంది. ట్రోల్‌మన్ ఆ రాత్రి జుట్టుకు బంగారు రంగు వేసుకుని, ఒళ్లంతా పిండి పూసుకుని బరిలోకి వచ్చాడు. మీకు కావలసిన ఆర్యుడు ఇతడేనా అని నోరు తెరవకుండానే అడిగాడు. ఆ తర్వాత షరతును అక్షరాలా పాటించాడు. కాలు కదపకుండా నిలబడి, ఎడర్ దెబ్బలను ఒంటిమీద కాచుకుంటూ తిరిగి కొట్టాడు. ఐదో రౌండులో నాకౌట్ అయ్యాడు. అతని జీవితంలో అందరూ చెప్పుకునే ఘట్టం ఇదే. ఆ పిండి పూతలోని ధైర్యం అంతటిది కాబట్టి చెప్పుకోవడం సహజమే. కానీ చరిత్రకు అంతకంటే విలువైన సాక్ష్యం ఆ షరతే అనుకుంటాను. ఒక ఆటగాణ్ణి ఓడించడానికి అతని ఆటనే నిషేధించాల్సి వచ్చిందంటే, ఆ ఆట నాసిరకం కాదని నిషేధించినవాళ్లకు బాగా తెలుసన్నమాట. జూన్‌లో నాసి అన్న ఆట జూలైలో నిషేధించదగ్గ ఆయుధమైంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే జూన్ నాటి కారణం తనంతట తానే కూలిపోతుంది.

అతను అంత గొప్పవాడైతే పందొమ్మిది ఓటములు ఎందుకున్నాయని రికార్డు పుస్తకం చేత్తో పట్టుకుని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్న, ఎందుకంటే అన్యాయానికి గురైన ప్రతివాణ్నీ అజేయుణ్ని చేసి చూపే తొందర మన రాతల్లో ఎక్కువ. ట్రోల్‌మన్ అజేయుడు కాడు. తనకంటే బరువైనవాళ్లతో, తక్కువ విరామంతో, అరవైకి పైగా పోటీలు ఆడినవాడి లెక్కలో ఓటములుండక తప్పదు. వాటిలో చాలా 1933 జూలై తర్వాతివి, కాళ్లు కట్టేశాక ఆడించినవి. అసలు నా వాదన అతను ప్రపంచంలోకెల్లా మేటి అన్నదాని మీద నిలబడలేదు. జూన్ 9 రాత్రి ఆ బరిలో అతను విట్ కంటే మెరుగ్గా ఆడాడన్నదొక్కటే చాలు. దాన్ని అక్కడున్న ప్రేక్షకులు కాదనలేదు. కాదన్నది అధికారులే.

నియంత పాలనలో క్రీడాసంఘం ఏం చేయగలదు, వాళ్లూ బతకాలి కదా అనే వాదన కూడా వినిపిస్తుంది. దీనికి నాకున్న జవాబు ఆ ఎనిమిది రోజులే. అప్పటికి హిట్లర్ పాలనకు నాలుగు నెలల పైచిలుకు మాత్రమే. సింతి బాక్సర్‌ను అడ్డుకోమనే చట్టం లేదు. బీరు కర్మాగారం ఆవరణలో కేకలు వేసిన మామూలు జనం ఒక అధికారిక నిర్ణయాన్ని ఆ రాత్రికి తిప్పికొట్టగలిగారు. టికెట్టు కొన్నవాడికి ఉన్న చొరవ సంఘం బల్ల దగ్గర కూర్చున్నవాడికి లేకపోయిందంటే అది నిస్సహాయత కాదు, ఎంపిక. ఇంకో సాక్ష్యం ష్మెలింగ్ మేనేజర్. జో జేకబ్స్ న్యూయార్క్ యూదుడు. యూదు మేనేజర్లను బహిష్కరించిన దేశమే తన అతిపెద్ద బాక్సర్ యూదు మేనేజర్‌ను 1930ల చివరిదాకా సహించింది. అమెరికాలో పోటీలు సంపాదించాలంటే, డాలర్లూ పేరూ రావాలంటే అతను కావాలి కాబట్టి. దీన్ని చూపించి నిబంధన అంత కఠినమైనది కాదేమో అంటారు కొందరు. నాకు మాత్రం తలకిందుగా కనిపిస్తుంది. అవసరమున్నచోట వంగిన నిబంధన, అవసరం లేనిచోట వంగకపోవడమే దాని అసలు రూపాన్ని చూపిస్తుంది. ట్రోల్‌మన్ కోసం వంగడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు, భరించడమే కష్టం. 1934తో అతని ప్రొఫెషనల్ ఆట ముగిసింది. పొట్టకూటికి తిరునాళ్ల డేరాల్లో బాక్సింగ్ చేశాడు. 1935లో పెళ్లయింది, కూతురు పుట్టింది. ఆ ఏడాది చివర్లోనే అతనికి బలవంతంగా సంతానహీన శస్త్రచికిత్స చేశారు. 1938లో భార్యకు విడాకులిచ్చాడు. తన పేరుతో ముడిపడి ఉంటే ఆమెకూ పాపకూ ముప్పని. 1939లో అదే రాజ్యం అతనికి సైనికుడి దుస్తులు తొడిగి పోలండుకు, బెల్జియానికి, ఫ్రాన్సుకు, ఆపైన తూర్పు రణరంగానికి పంపింది. అక్కడ గాయపడ్డాడు. 1942లో జాతి కారణంగా సైన్యం నుంచి తీసేశారు. సైన్యంలో చేర్చుకున్నారంటే జాతిద్వేషం లేదనే కదా అనేవాళ్లకు ఈ ఒక్క తేదీ సమాధానం చెబుతుంది. అదే ఏడాది హానోవర్‌లో అరెస్టు చేసి, అక్టోబర్‌లో హాంబర్గ్ దగ్గర నోయెన్‌గమ్మె నిర్బంధ శిబిరానికి తోలారు. ఖైదీ సంఖ్య 9841.

శిబిరంలో ల్యూట్‌కెమాయర్ అనే ఎస్.ఎస్. (నాజీ సాయుధ దళం) అధికారి అతణ్ని గుర్తుపట్టాడు. యుద్ధానికి ముందు ఆ అధికారి బాక్సింగ్ రిఫరీ. పగలంతా చాకిరీ చేసి కుంగిన మనిషిని రాత్రుళ్లు ఎస్.ఎస్. జవాన్లకు శిక్షణ పేరుతో దెబ్బలు తినడానికి నిలబెట్టారు. ఎముకల గూడవుతున్న ట్రోల్‌మన్‌ను కాపాడాలని ఖైదీల రహస్య సంఘం ఒక సాహసం చేసింది. 1943 ఫిబ్రవరి 9న అతను చనిపోయినట్టు దస్త్రంలో రాయించి, వేరే పేరుతో విట్టెన్‌బెర్గె అనే ఉపశిబిరానికి చేర్చింది. అక్కడా ముఖం దాగలేదు. ఖైదీల మీద పెత్తనం చేసే ఎమిల్ కార్నేలియస్ అనే కాపోతో అతనికి పోటీ పెట్టారు. ఎండిన శరీరంతోనే ట్రోల్‌మన్ గెలిచాడు. ఓడిన కార్నేలియస్ పగ తీర్చుకోవడానికి పని చేసేచోట అతణ్ని కొట్టి చంపాడు. అది 1944. అతని తమ్ముడు హైన్రిష్ అప్పటికే ఆష్విట్జ్‌లో ప్రాణాలు కోల్పోయాడు.

ముసుగు నాజీలతో పోలేదని మొదట్లో అన్నాను. ఆ మాటకు ఆధారం 1956 జనవరి 7 నాటి తీర్పు. 1940 మే నెలలో సుమారు 2,500 మంది సింతి ప్రజలను, వాళ్లకు దగ్గరి జనమైన రోమా ప్రజలను పోలండుకు తరలించారు. అలా తరలినవాళ్ల పరిహారం కేసులో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఏం చెప్పిందంటే, అది జాతిహింస కాదు, వాళ్ల సంఘవిరుద్ధ నడవడి మీద పోలీసులు తీసుకున్న భద్రతా చర్య. జాతి ఆధారంగా హింస మొదలైంది 1943 మార్చి నుంచేనట. ఆ లెక్కన 1942లో ట్రోల్‌మన్‌ను శిబిరానికి తోలడం కూడా గడువుకు ముందటిదే అవుతుంది. 1933లో బాక్సింగ్ సంఘం వాడిన మాట, 1956లో న్యాయమూర్తులు వాడిన మాట ఒకటే. మాకు జాతితో పేచీ లేదు, నడవడితోనే. నాజీల ప్రభుత్వం పోయింది, యుద్ధం పోయింది, చావుల లెక్క బయటపడింది, ఆ మాట మాత్రం చెక్కుచెదరలేదు. 1963లో అదే న్యాయస్థానం కొంత వెనక్కి తగ్గింది. సింతి, రోమా ప్రజల మీద జరిగింది జాతిసంహారమేనని జర్మన్ ప్రభుత్వం తరఫున ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ ఒప్పుకున్నది 1982 మార్చిలో. బెర్లిన్ నడిబొడ్డున వాళ్ల స్మారకం తెరిచింది 2012లో. 1956 తీర్పు సిగ్గుపడాల్సినదని ఆ న్యాయస్థానం అధ్యక్షురాలు బహిరంగంగా అన్నది 2015లో.

ఇవన్నీ ఇంత ఆలస్యం కావడానికి ముసుగు అల్లికే కారణమనుకుంటాను. చట్టంలో జాతి పేరు రాసి చేసిన అన్యాయాన్ని చట్టం రద్దయిన రోజే అన్యాయమని ఒప్పుకోవచ్చు. పాయింట్ల కాగితం మీద, నడవడి నివేదిక మీద, ఎంపిక సంఘం నోట్ మీద చేసినదాన్ని ఒప్పుకోవాలంటే ఆ కాగితం రాసిన వృత్తి నిపుణులు తమ నిపుణతనే ప్రశ్నించుకోవాలి. అందుకు ఎవరూ తొందరపడరు. ట్రోల్‌మన్ వ్యవహారంలో పరిశోధకులు, అతని బంధువులు పట్టువిడవకుండా అడిగారు కాబట్టి ఆ కాగితాలు మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పుడు హానోవర్‌లో అతని పేరిట ఒక దారి ఉంది. బెర్లిన్‌లో ఆ పోటీ జరిగిన ఫిడిచిన్ వీధిలో అతని పేరు చెక్కిన ఇత్తడి పలక కాలిబాటలో పొదిగి ఉంది. 2003 డిసెంబర్‌లో జర్మన్ ప్రొఫెషనల్ బాక్సింగ్ సంఘం ఛాంపియన్ బెల్టును అతని కుటుంబీకులకు అందించింది. 1933 లైట్ హెవీ వెయిట్ జాతీయ ఛాంపియన్‌గా ఇప్పుడు సంఘం గుర్తించే పేరు యోహాన్ ట్రోల్‌మన్‌ది.